జూలై ఒకటో తారీఖు పిల్లలం

2026 జూన్ 30న నేను రైల్వే ఉద్యోగం నుంచి రిటైరవుతున్నాను. కాగితాల ప్రకారం ఆ మర్నాటికి నాకు అరవై నిండుతాయి. నెల ఒకటో తారీఖున పుట్టినవాళ్లు అంతకుముందు నెల ఆఖరు రోజునే దిగిపోవాలన్నది సర్కారు రూలు. అందుకే ముప్పై.

అసలు నేను పుట్టింది జూలైలోనే కాదు. భోగి నాడు. మా అమ్మ లెక్క అది, దానికి తిరుగులేదు. వీధిలో భోగిమంట అంటించే వేళకి నొప్పులు మొదలయ్యాయట, ఆ నిప్పుల మీద నీళ్లు కాగే వేళకి నేను పుట్టేశానట. అది 1967 భోగి. అంటే అమ్మ లెక్కలో నాకింకా ఏడు నెలల సర్వీసుంది. ఆ ఏడు నెలల జీతం 1971లో మా ఊరి ఎలిమెంటరీ బడి మాస్టారి పెన్ను కింద పోయింది.

అప్పట్లో ఒకటో తరగతిలో వెయ్యాలంటే అయిదేళ్లు నిండాలి. నిండాయా లేదా అని తేల్చడానికి పల్లెటూళ్లో బర్త్ సర్టిఫికెట్ ఎవరి దగ్గరుంది? కుడిచెయ్యి నెత్తి మీంచి తిప్పి ఎడమ చెవి అందుకోవాలి. అందితే అయిదేళ్లొచ్చినట్టే. నా వేలు చెవికి తగిలిందో లేదో గానీ, మా నాన్న పక్కనుంచి నా తల కాస్త వంచాడట. మాస్టారు నవ్వేసి 1-7-1966 అని రాసేశారు. ఆ రోజు బడిలో చేరిన పిల్లలందరికీ అదే పుట్టినరోజు. అయిదో తరగతి అయ్యాక రికార్డు షీట్ మీదకి అదే ఎక్కింది, అక్కణ్ణుంచి హైస్కూలు రిజిస్టర్‌లోకి, తర్వాత ఎస్సెస్సీలోకి, సర్వీసు బుక్కులోకి.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, పెన్షన్ కాగితాలు పెట్టేటప్పుడు మా ఆఫీసులో ఒక తిరకాసు బయటపడింది. ఇంటిపేరు స్పెల్లింగు ఎస్సెస్సీలో ఒకలా ఉంది, సర్వీసు బుక్కులో ఇంకోలా ఉంది. స్కూలు రికార్డులో ఏముందో చూసి రమ్మన్నారు. విశాఖపట్నంలో బస్సెక్కి నరసన్నపేటలో దిగి, ఆటోలో హైస్కూలుకి వెళ్లాను. నలభై అయిదేళ్లయింది ఆ గేటు లోపల అడుగుపెట్టి.

హెడ్మాస్టరు మేడమ్ నాకన్నా ఇరవై ఏళ్లు చిన్న. మా పక్క ఊరి అమ్మాయే, అదే బడిలో చదివి అక్కడికే వచ్చింది. నా పని విని, అటెండర్ చేత బీరువా మీంచి ఒక మూట దింపించింది. ఎర్రగుడ్డలో చుట్టిన పాత అడ్మిషన్ రిజిస్టర్లు. అట్టలు ఊడిపోయాయి, అంచులు పురుగు తినేసింది. విప్పుతుంటే ఒకటే తుమ్ములు. "కాఫీ చెప్తాను, మీరు నెమ్మదిగా చూసుకోండి సార్" అని ఆవిడ క్లాసుకెళ్లిపోయింది. పది నిమిషాల్లో తేలే పనికి రెండు గంటలు కూర్చున్నాను.

మొదటి రిజిస్టర్ మీద పేరు బోర్డు హైస్కూలు అనే ఉంది. మా చిన్నప్పుడు కూడా ఊళ్లో పెద్దవాళ్లు ఆ బడిని బోర్డు హైస్కూలనే అనేవారు. పాత జిల్లా బోర్డు కాలంలో పుట్టింది కాబట్టి. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం విశాఖ నుంచి విడిపడి కొత్త జిల్లా అయ్యేనాటికి మా చుట్టుపక్కల ఊళ్లలో ఎలిమెంటరీ దాటిన చదువంటే పట్నం పోవలసిందే. అక్కడ చుట్టాలుంటే చదువు, లేకపోతే నాగలి. 1959 నవంబరు ఒకటిన పంచాయతీరాజ్ వచ్చాక ఆ బడి జిల్లా పరిషత్ చేతికి వెళ్లింది. బోర్డు మీద అక్షరాలు మారాయి గానీ జనం నోట్లో మాట మారలేదు.

మొదటి గది గోడకి ఒక రాయి ఉండేది, దాతల పేర్లతో. ఇప్పుడు దాని మీద రంగేసేశారు, వేలితో తడిమితే అక్షరాలు తగులుతాయి. రూ. 116 ఇచ్చినవాళ్లున్నారు, రూ. 1,116 ఇచ్చిన బుగత, అంటే భూస్వామి, ఉన్నారు. చిట్టచివర ఒక పేరు పక్కన డబ్బు లేదు, "తాటి దూలములు 20" అని ఉంటుంది. చిన్నప్పుడు ఆ లైను చదివి నవ్వుకునేవాళ్లం. ఆ దూలాల కిందే కూర్చుని నవ్వేవాళ్లమన్న సంగతి అప్పుడు తట్టలేదు.

మా పెదనాన్నది ఫారాల కాలం. ఆరో తరగతిని ఫస్ట్ ఫారం అనేవారట, పదకొండోది సిక్స్త్ ఫారం. దాని చివర ఎస్సెల్సీ, అదే స్కూల్ ఫైనల్. ఆయన స్కూల్ ఫైనల్ తప్పాడు. అయినా జీవితాంతం "మాది స్కూల్ ఫైనల్" అనే చెప్పుకున్నాడు. పాసని ఎప్పుడూ అనలేదు కాబట్టి అబద్ధం కూడా కాదు. మేం చేరేసరికి ఫారాలు పోయాయి, పదకొండేళ్ల చదువు పదేళ్లకి దిగింది, పైన ఇంటర్మీడియట్ వచ్చి కూర్చుంది. మా పెదనాన్నకి మాత్రం మా పదో తరగతి మీద చివరిదాకా చిన్నచూపే. "ఒక ఏడాది తక్కువ సదివినోడివి, నాకు సెప్తావేట్రా" అనేవాడు.

నేను ఆరో తరగతిలో చేరింది 1976 జూన్‌లో. మా ఊరికి రెండు మైళ్లు. పొద్దున్న చోడి అంబలి తాగి, మధ్యాహ్నానికి చల్దన్నం, ఉల్లిపాయ క్యారేజీలో పెట్టుకుని కాలవ గట్టెంట నడిచేవాళ్లం. వానాకాలంలో పుస్తకాల సంచి మీద యూరియా బస్తా ముసుగు. నెత్తి తడిసినా ఫర్వాలేదు, పుస్తకం తడిస్తే మళ్లీ కొనేవాడు లేడు. పై తరగతివాడి దగ్గర సగం ధరకి కొన్న పుస్తకాలవి.

తెలుగు ఫస్ట్ లాంగ్వేజి, హిందీ సెకండు, ఇంగ్లీషు థర్డు. ఇంగ్లీషు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, యాక్టివ్ వాయిస్‌ని పాసివ్ చెయ్యడంతోనే అయిదేళ్లు గడిచిపోయాయి.

తెలుగు మాస్టారి సంగతి వేరు. ఆయనకి గిడుగు రామమూర్తి పంతులు గారంటే ప్రాణం. గిడుగు వారు 1863 ఆగస్టు 29న పుట్టిన పర్వతాలపేట మా జిల్లాలోనే, శ్రీముఖలింగం దగ్గర, వంశధార ఒడ్డున. పర్లాకిమిడి రాజావారి స్కూల్లో పంతులుగా ఉంటూ కొండల మీది సవరల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకి వాళ్ల భాషలోనే చదువు చెప్పించాలని సొంత డబ్బు ఖర్చు పెట్టి బడి పెట్టారని, మనం మాట్లాడే తెలుగు పుస్తకాల్లోకి రావాలని పండితులందరితో ఒంటిచేత్తో పోట్లాడారని చెబుతుంటే మాస్టారి గొంతు వణికేది. ఒకసారి పీరియడ్ మొత్తం అదే చెప్పారు. బెల్లు కొట్టాక మా కాంపోజిషన్ పుస్తకాలు దిద్ది ఇచ్చారు. "వేసవి సెలవులు" అన్న వ్యాసంలో నేను "మా మావఊరు ఎల్లినాను" అని రాశాను. దాని కింద ఎర్రసిరాతో రెండు గీతలు. పక్కన "గ్రామ్యము!" అని.

అప్పుడేమీ అనిపించలేదు, "వెళ్లాను" అని పదిసార్లు రాసిచ్చేశాను. ఇప్పుడు తలుచుకుంటే ఒక్కణ్ణే నవ్వుకుంటాను. గిడుగు వారి వంశధారలో ఇటుపక్క నీళ్లు తాగినవాళ్లమే కదా మేమూ. ఆ మాస్టారిని తప్పు పట్టను. ఆయనకి మేం పరీక్ష పాసవ్వాలి. ఆయన కూడా క్లాసు బయట మాతో "ఎటెల్తన్నావురా" అనే అనేవారు.

హిందీ పబ్లిక్ పరీక్షలో తక్కువ మార్కులకే పాసు చేసేవారు కాబట్టి ఎవడూ దాని జోలికి పోయేవాడు కాదు. మా హిందీ పండిట్ గారికి అది పెద్ద అవమానం. అందుకని సాయంత్రం బడి వదిలాక కూర్చోబెట్టి దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలకి చదివించేవారు. ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష. పైసా తీసుకునేవారు కాదు. ఆడపిల్లలు ఎక్కువగా ఉండేవారు, మగపిల్లలం నలుగురం. నేను మధ్యమ దాకా వచ్చి ఆపేశాను. రైల్వేలో చేరి ఖరగ్‌పూర్ వైపు పోస్టింగ్ పడ్డాక ఆ మధ్యమే నాకు కూడు పెట్టింది. అక్కడ కూర్చుని ఆయనకో ఉత్తరం రాద్దామనుకుంటూనే ఏళ్లు గడిపేశాను.

వారానికి రెండు క్రాఫ్టు పీరియడ్లు. గాంధీ గారి బేసిక్ చదువు తాలూకు మిగులు అది. మార్కుల్లేని సబ్జెక్టు, కాబట్టి మాకు ఆటవిడుపు. నూలు వడికే తకిలి తిప్పమంటే దాన్ని బొంగరంలా తిప్పి పందేలు కాసేవాళ్లం. క్రాఫ్టు మాస్టారు ఖద్దరుకి పేరుపడ్డ పొందూరు వైపు మనిషి. ఒకరోజు చొక్కా జేబులోంచి కాగితం పొట్లం తీసి విప్పారు. లోపల సన్నటి పళ్లున్న ఎముక. వాలుగ చేప దవడ. పొందూరులో ఆడవాళ్లు పత్తి గింజ మీది పీచుని దానితోనే దువ్వుతారని చెప్పి, జేబులోంచి నాలుగు పత్తి గింజలు తీసి మా ముందే దువ్వారు. దువ్వుతుంటే పీచు విడిపోయి, పొగలా, ఊపిరి తగిలితే ఎగిరిపోయేంత తేలిగ్గా అయింది. వెనక బెంచీవాళ్లు కూడా లేచి వచ్చారు. "దీన్ని ఏ మిషనూ చెయ్యలేదురా" అన్నారాయన. ఆ దవడ చేతులు మారి మారి మా దగ్గరే రెండు పళ్లు విరిగింది. ఆయన ఏమీ అనలేదు, మళ్లీ పొట్లం కట్టి జేబులో పెట్టుకున్నారు.

డ్రిల్లు మాస్టారికి ఎంతసేపూ కోడి రామ్మూర్తి నాయుడు గారే. మన వీరఘట్టంలో పుట్టినవాడు, విజయనగరంలో మన లాంటి బళ్లోనే డ్రిల్లు మాస్టారుగా చేసి, ఆనక ఛాతీ మీద ఏనుగుని ఎక్కించుకున్నవాడు అని చెప్పి మమ్మల్ని గ్రౌండు చుట్టూ నాలుగు రౌండ్లు పరిగెత్తించేవారు. అంబలి తాగి వచ్చిన కడుపులకి ఏనుగు మాటెందుకు, రెండో రౌండుకే ఆకలేసేది.

ఫిజికల్ సైన్సు మాస్టారి గురించి చెప్పకపోతే ఈ రాత దండగ.

ల్యాబంటే ఒక గది, రెండు బీరువాలు. వాటికి ఎప్పుడూ తాళం. పగిలితే మాస్టారి జీతంలో పట్టుకుంటారని భయం. ఏడాదికొకసారి కుళ్లిన గుడ్ల వాసన గ్యాసు తయారుచేసి చూపించేవారు, ఆ రోజు బడంతా ముక్కు మూసుకునేది. అలాంటి మనిషి 1980 ఫిబ్రవరిలో, నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, పొద్దున్న ప్రార్థన దగ్గర నిలబడి "శనివారం సూర్యగ్రహణం. చూడాలనుకున్నవాళ్లు రెండింటికల్లా ల్యాబ్‌కి రండి" అన్నారు.

ఆ వారం ఊళ్లో ఏ నోట విన్నా అదే టెన్షన్. కళ్లు పోతాయన్నారు, పశువులు చస్తాయన్నారు. కడుపుతో ఉన్న మా అప్పని శుక్రవారం రాత్రే గదిలో పెట్టి గొళ్లెం వేసేశారు. ఫిబ్రవరి 16 మధ్యాహ్నం వీధిలో కుక్క కూడా లేదు. నేను పెరటి గోడ దూకి కాలవ గట్టెక్కాను. బడిలో లెక్కేస్తే తొమ్మిది మందిమి.

మాస్టారు ల్యాబు తలుపులు మూసేశారు. పడమటి కిటికీకి పాత మ్యాపు వెనక అట్ట అడ్డం పెట్టి, అంచులకి గోనెగుడ్డ కుక్కారు. కంపాస్ ముల్లుతో ఆ అట్టకి ఒక్క చిల్లు పొడిచారు. గదంతా చీకటి. ఆ చిల్లులోంచి సన్నటి వెలుగు తీగ ఏటవాలుగా దిగి, బల్ల మీద పరిచిన తెల్ల కాగితం మీద పడింది. అర్ధరూపాయి బిళ్లంత గుండ్రం. "అదేరా సూర్యుడు. మనం సూర్యుణ్ణి చూడటం లేదు, ఆయన ఫోటో చూస్తున్నాం. కళ్లకేమీ అవదు" అన్నారు.

కాసేపటికి ఆ బిళ్ల అంచు కొరికినట్టయింది. ఒకడు కాగితం మీద మట్టి పడిందనుకుని ఊదాడు. పోలేదు. కొరుకు పెరుగుతూ సగం బిళ్ల అయింది, దోసకాయ చెక్కలా అయింది, ఆఖరికి గోరు ముక్కంత మిగిలింది. ఎవరం మాట్లాడలేదు. మాస్టారు పది నిమిషాలకోసారి పెన్సిలుతో ఆ ఆకారం చుట్టూ గీసి పక్కన టైము రాస్తున్నారు. మూడున్నర దాటాక తలుపు తీసి బయటికి రమ్మన్నారు. పైకి చూడొద్దు, నేల చూడండి అన్నారు. చింతచెట్టు కింద ఆకుల సందుల్లోంచి పడే వెలుగు చుక్కలన్నీ నెలవంకలైపోయాయి. వందలు, వేలు. నా చేతి మీద కూడా అయిదారు. చల్లగాలి తిరిగింది, కాకులు గోలగోలగా చెట్లమీదికి చేరిపోయాయి. మా దగ్గర పూర్తిగా మూసుకుపోలేదు గానీ, ఆ మసక వెలుతురు పొద్దు గూకినప్పుడు ఉండేలాంటిది కాదు. మరేదో రంగు. ఇప్పటికీ దానికి పేరు దొరకలేదు నాకు.

ఇంటికెళ్తే అమ్మ వీధి గుమ్మంలోనే ఆపేసి నెత్తి మీద మూడు కడవలు చన్నీళ్లు గుమ్మరించి, "గుంటడా, కళ్లు కనిపిస్తున్నాయేటి?" అంటూ వీపు మీద రెండు వేసింది. ఆ దెబ్బలు తింటూనే చెప్పాను, కనిపిస్తున్నాయని.

పదో తరగతిలో సెప్టెంబరు వంశధార వరదకి బడి కొన్నాళ్లు వరద బాధితులకి విడిది అయింది. మా క్లాసులో నాలుగు కుటుంబాలు, ఒక గేదె. సిలబస్ వెనకబడిపోయిందని లెక్కల మాస్టారు ఆ తర్వాత ఆదివారాలు కూడా వదల్లేదు. లాంతర్లు తెచ్చుకుని రాత్రిళ్లు బడిలోనే చదివి అక్కడే పడుకునేవాళ్లం.

నామినల్ రోల్స్, అంటే పరీక్ష రాసేవాళ్ల జాబితాలు, నింపే రోజు మాత్రం పండగే. ఎస్సెస్సీలో రెండు పుట్టుమచ్చలు రాయాలి. క్లాసు టీచరు ఒక్కొక్కణ్ణి పిలిచి చేతులు, మెడ, మొహం వెతికి చూసేవారు. దొరకనివాడికి చొక్కా విప్పించేవారు. నా బెంచీ మేట్ ఒకడున్నాడు. వాడికి ఎంత వెతికినా ఒక్క మచ్చే. చివరికి ముంజెల కోసం తాటిచెట్టెక్కి జారినప్పుడు మోకాలికి పడ్డ దెబ్బ చూపించాడు. "మోకాలు మీద దెబ్బ మచ్చ" అని రాసేశారు. అదే వాడి గుర్తింపు నేటికీ.

వాడి కాగితంలో ఇంకో వింత అదే రోజు బయటపడింది. మాకందరికీ జూలై ఒకటి రాసిన ఎలిమెంటరీ మాస్టారు, వాడి దగ్గరకొచ్చేసరికి మార్పు కోసమో ఏమో, 31-6-1966 అని రాశారు. జూన్‌కి ముప్పై రోజులే కదా. పదేళ్లు ఎవరి కంటా పడలేదు. నామినల్ రోల్స్ దగ్గర క్లర్కు పట్టుకున్నాడు. వాడు లేని రోజున పుట్టాడని బడంతా వారం రోజులు ఏడిపించాం. ఆఖరికి హెడ్మాస్టారు ఎర్రసిరాతో కొట్టేసి 30 చేసి పక్కన పొడి సంతకం పెట్టారు.

పరీక్షలకి నరసన్నపేట సెంటరు. ఒక ఇంటి వరండా అద్దెకి తీసుకుని పదిమందిమి, మాకు కాపలాగా లెక్కల మాస్టారు. ఇంటినుంచి తెచ్చుకున్న బియ్యం, కిరసనాయిలు స్టవ్వు. పొద్దున్న నాలుగింటికి లేపేవారు. ఫలితాలు పేపర్లో నంబర్లుగా వచ్చాయి. నాది ఉంది. వాడిది లేదు, సెప్టెంబరులో కట్టి పాసయ్యాడు.

ఇప్పుడా బడికి కొత్త గదులు, టైల్సు, నీళ్లొచ్చే మరుగుదొడ్లు. అవి లేక మా క్లాసు ఆడపిల్లలు పడ్డ ఇబ్బంది అప్పుడు మాకు అర్థం కాలేదు. 2019లో మొదలైన నాడు-నేడు అనే బడుల బాగుచేత పథకం కింద వచ్చాయని మేడమ్ చెప్పారు. మధ్యాహ్నం భోజనం బడిలోనే, గుడ్డుతో సహా. చదువు ఇంగ్లీషు మీడియం. ల్యాబ్ ఉన్న చోట గోడకి పెద్ద టీవీ బోర్డు. చింతచెట్టు లేదు, ఏ తుపానుకి పోయిందో.

రిజిస్టర్‌లో మా బ్యాచ్ పేజీ దొరికింది. నలభై మూడు పేర్లు, పదిహేడు మందికి 1-7. నా ఇంటిపేరు అక్కడ మూడో రకంగా ఉంది, అది వేరే తలనొప్పి. నా కింద రెండు లైన్ల తర్వాత వాడి పేరు, ఎర్రసిరా, పొడి సంతకం, అన్నీ చెక్కుచెదరకుండా. ఫోటో తీసి వాడికి పంపాను. వాడు పోస్టల్ డిపార్ట్‌మెంటు, టెక్కలి దగ్గర చేస్తున్నాడు. అయిదు నిమిషాల్లో ఫోనొచ్చింది.

"ఒరే, జూన్ ముప్పైన పుట్టినోడు జూన్ ముప్పైనే దిగాల. జూలై ఒకటోడూ జూన్ ముప్పైనే దిగాల. అంటే ఇద్దరం ఒకే రోజు ఇంటికెల్లిపోతన్నామేటి?"

"అంతే కదరా."

"అయితే కాయితం మీద నీకంటే ఒకరోజు పెద్దోణ్ణి. ఇంక నుంచి నన్ను అన్నా అనాల."

అననన్నాను. కాసేపు నవ్వి, "మీ ఆఫీసులో సన్మానం పొద్దుటి పూటా, సాయంత్రమా?" అని అడిగాడు. "పొద్దుటయితే మాది సాయంత్రం పెట్టించేత్తాను. నువ్వూ రావాల, నానూ రావాల."